మంచుగడ్డ కింద ఆవిరైన నీళ్లు

తాష్-బోగోత్ జలాశయం, గేజీ గది,
మార్చి 23.

నదీ పరీవాహక నీటి లెక్కల కార్యాలయం అధిపతి గారి సముఖమునకు,
తాష్-బోగోత్ జలాశయం గేజీ పరిశీలకుడు ఒరోజాలీ బెక్తెమిరొవ్, వయస్సు అరవై మూడు, వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: వార్షిక నీటి లెక్కలో "ఆవిరి నష్టం" గడిలో పదకొండు సంవత్సరములుగా తప్పు అంకె వ్రాయబడుచున్నదనియు, సదరు తప్పు వ్రాసినది నేనేననియు, మార్చి 31న లెక్క మూసేవరకు ఆగక అడుగు తూము తెరిచి నీటిమట్టం తొమ్మిది మీటర్లు దించుటకు వెంటనే ఉత్తర్వు ఇప్పించవలెననియు మనవి.

సూచిక: నవంబరు 4, జనవరి 17, ఫిబ్రవరి 20 తేదీల నా అర్జీలు. వాటికి తమ కార్యాలయం జవాబు: "మీ అర్జీ అందినది. ఆవిరి నష్టములు నిర్ణీత పరిమితికి లోబడి యున్నవి." మూడింటికీ ఇదే జవాబు, తేదీ మాత్రం మార్చారు.

1. నేను రోజూ ఉదయం ఎనిమిదింటికీ సాయంత్రం నాలుగింటికీ గోడ మీది గేజీ చూసి నీటిమట్టం పుస్తకంలో రాస్తాను. ఏ మట్టానికి ఎంత నీరో తమరిచ్చిన పట్టికలో ఉంటుంది. నిరుడు మిగిలిన నీటికి నది నుంచి వచ్చినది కలిపి, కింది నాలుగు జిల్లాల ఆయకట్టుకు వదిలినది తీసేస్తే, ఇవాళ గోడ మీద కనిపించే నీరు తేలాలి. ఇరవై రెండేళ్లుగా ఇదే నా ఉద్యోగం. తేలాలి అన్నాను గానీ ఎప్పుడూ కొంత తక్కువే తేలుతుంది. ఆ తక్కువ రాయడానికి తమ ఫారంలో రెండు గడులున్నాయి. ఒకటి "ఆవిరి", రెండోది "కట్ట ఊట".

2. పదకొండేళ్ల కిందట చలికాలం లెక్కలో మొదటిసారి నాలుగు లక్షల ఘనమీటర్లు తేడా వచ్చింది. నేను బుద్ధిగా "కట్ట ఊట" గడిలో రాసి పంపాను. మర్నాడే తమ కార్యాలయం లెక్కల గుమాస్తా సాదిర్జాన్ ఫోను చేశాడు. ఆ సంభాషణ నాకు పొల్లు పోకుండా జ్ఞాపకం ఉంది.

"ఒరోజాలీ బాబాయ్, ఆ ఊట గడి ఎందుకు ముట్టుకున్నావ్? నా సర్వీసులో దాన్నెవరూ నింపలేదు."

"నీళ్లు కట్ట అడుగు నుంచి పోతున్నట్టున్నాయిరా."

"పోతే పోయాయి. ఆ గడి నిండిందంటే రాజధాని నుంచి కమిషన్ దిగుద్ది. వాళ్లకి మనం గొర్రెని కొయ్యాలి, తర్వాత వాళ్లు మనల్ని కోస్తారు. అదే ఆవిరి గడిలో రాశావనుకో, ఎవడూ రాడు. ఎండని పిలిచి సంజాయిషీ అడుగుతారా ఏంటి?"

"ఇది జనవరి లెక్క సాదిర్జాన్. నీళ్ల మీద మూరెడు మందాన మంచుగడ్డ కట్టింది. ఆవిరి ఎట్టా అవుద్ది?"

"గడ్డ మీద కూర్చుని చూశావా, అవట్లేదని?"

నేను నవ్వాను. నవ్వి, గడి మార్చి రాసి పంపాను. అయ్యా, నేరం ఎప్పుడు మొదలైందని రేపు ఎవరైనా అడిగితే ఆ నవ్వు దగ్గరే మొదలైందని రాసుకోండి. మరుసటి ఏడు తేడా ఆరు లక్షలైంది. ఆపై ఏడు తొమ్మిది. అన్నీ ఆవిరి గడిలోకే పోయాయి. లెక్క ఘనమీటరు కూడా తేడా లేకుండా సరిపోతున్నందుకు ఐదేళ్ల కిందట తమ కార్యాలయం నాకొక ప్రశంసాపత్రమూ గోడ గడియారమూ ఇచ్చింది. ఆ గడియారం కిందే కూర్చుని ఈ అర్జీ రాస్తున్నాను. ఈ ఏడు తేడా ముప్పై ఒక్క లక్షల ఘనమీటర్లు.

3. ఈ నీళ్లు ఎక్కడికి పోయాయో నాకు తెలుసు. తమకూ తెలుసు, కాకపోతే వేరే కాగితంలో తెలుసు.

కట్టకు మూడు వందల అడుగుల దిగువన, ఎతెక్ గ్రామానికి ఎగువన, ఒక విల్లో చెట్టు మొదట్లో పదకొండేళ్ల కిందటే ఒక ఊట పుట్టింది. అంతకు ముందు అక్కడ గడ్డి కూడా మొలిచేది కాదు. జూరా అనే విధవరాలికి కలలో తెల్లగడ్డం పెద్దాయన కనబడి, తన సమాధి అక్కడే ఉందనీ, ఈ నీళ్లు తన దయేననీ చెప్పాడట. ఏడాది తిరిగేసరికి చెట్టు నిండా గుడ్డపీలికలు వేలాడాయి. ఇప్పుడది మజారు, ఔలియా అనే ఆ పుణ్యపురుషుడి సమాధి. పిల్లల్లేని ఆడవాళ్లు మూడు జిల్లాల నుంచి వచ్చి నలభై రోజులు ఆ నీళ్లు తాగుతారు. మొన్న నూరూజ్, అదే కొత్త సంవత్సరపు పండక్కి ఊరంతా మొలకగోధుమల సుమొలోక్ పాయసం వండుకున్నది కూడా ఆ నీళ్లతోనే. నేనూ రెండు గిన్నెలు తిన్నాను.

నిరుడు వసంతంలో ఊట కాలవకు అడ్డంగా ముక్కోణపు గంటు కోసిన పలక ఒకటి దిగగొట్టాను. ఆ గంటులో నీరు ఎంత ఎత్తున పారుతుందో చూస్తే ప్రవాహం ఎంతో తెలుస్తుంది. జూరా నన్ను చూసి, "ఏం ఒరోజాలీ, ఔలియా దయకి కూడా గేజీ పెట్టావా?" అంది.

"ఇది ఔలియా దయ కాదు జూరా. పైన నా చెరువు నీళ్లు."

"నీ చెరువు నీళ్లయితే చేపల కంపు కొట్టాలి. చూడు వాసన. అయినా ఆయన ఎక్కడి నుంచి తెచ్చిస్తే నీకెందుకు? నీ జేబులోంచి తెచ్చాడా?"

ఫిబ్రవరి ఆఖరు దాకా పన్నెండు నెలలు కొలిచాను, ఆ తర్వాత ఊట దగ్గరికి దిగలేదు. సగటున సెకనుకు తొంభై ఐదు లీటర్లు. ఏడాదికి కడితే ముప్పై లక్షల ఘనమీటర్లు. నేను ఆవిరి గడిలో రాసినది ముప్పై ఒకటి. ఈ రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. ఇరవై రెండేళ్లలో నేను కట్టిన లెక్కల్లో నిజంగా సరిపోయినది అదొక్కటే.

4. రెండేళ్ల కిందట తమ కార్యాలయం ఈ ఊటను "కొత్త సహజ వనరు, క్రమసంఖ్య 17" అని నమోదు చేసి, సెకనుకు అరవై లీటర్లు ఎతెక్ పండ్ల తోటలకు కేటాయించింది. అంటే అయ్యా, ఒకే నీరు తమ వార్షిక లెక్క నాలుగో పేజీలో ఆకాశంలోకి పోతుంది, తొమ్మిదో పేజీలో భూమిలోంచి వస్తుంది. పేజీలు రాసేవాళ్లు వేరు గనుక ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. రెండింటి కిందా సంతకం చేసేది తమరే.

నా నవంబరు అర్జీ మీద తమరు పంపిన ఇంజినీరు గారు వచ్చారు. కట్ట మీద నడిచారు. దిగి మజారుకు వెళ్లి, టోపీ సర్దుకుని, దోసిలితో నీళ్లు తాగారు. "మంచి నీళ్లు పెద్దాయనా, చల్లగా ఉన్నాయి" అన్నారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులట, రెండు డబ్బాలు నింపుకుని పోయారు. ఆయన రిపోర్టు తమ దగ్గరే ఉండాలి. నాకు ప్రతి రాలేదు.

5. ఊటలు అన్ని కట్టలకూ ఉంటాయి. నీరు తేటగా వచ్చినంతకాలం భయం లేదు. ఇది నాకు తెలుసు గనుకనే పదేళ్లు నోరు మూసుకున్నాను. బురద వస్తే సంగతి వేరు. బురద వస్తున్నదంటే కట్ట లోపల నుంచి కట్ట పోతున్నదని.

6. ఈ అంశం రాయడానికి ఫారంలో గడి లేదు. అందువల్ల నాకు చేతనైనట్టు రాస్తున్నాను.

నా ఒక్కతే కూతురు బూరుల్‌ను ఎతెక్‌లోనే ఇచ్చాను. ఏడేళ్లు పిల్లల్లేరు. అది తిరగని ఆసుపత్రి లేదు. నిరుటి వేసవిలో మజారులో నలభై రోజులు నీళ్లు తాగింది. ఇప్పుడు ఎనిమిదో నెల. ఆ నీళ్ల వల్ల కాదని దానికి చెప్పే ధైర్యం నాకు లేదు, నిజం చెప్పొద్దూ, కాదని నాకూ పూర్తిగా నమ్మకం లేదు. అక్కడ నీళ్లు తాగి కడుపుతో ఉన్నది బిడ్డకు నలభై రోజులు నిండేదాకా ఊటను వదిలి పోకూడదని జూరా పెట్టిన నియమం. బూరుల్ దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది.

నూరూజ్ నాడు వాళ్లింటికి వెళ్లాను. తలుపు తీసిన నా కూతురి నుదుటి మీద పసుపుపచ్చని మట్టి బొట్టు.

"ఏంటమ్మా అది?"

"ఔలియా మట్టి నాన్నా! నువ్వు చూళ్లేదా? పది రోజుల నుంచి ఊటలో వస్తోంది. ఇన్నేళ్లూ నీళ్లే ఇచ్చాడు, ఇప్పుడు మట్టి కూడా ఇస్తున్నాడని జూరా అత్త చెప్పింది. రోజూ కాస్త పొట్టకి రాసుకుంటున్నా. కాన్పు తేలిగ్గా అవుద్దంట."

కిటికీలో సీసా ఉంది. ఎండకు పెట్టి చూశాను. అడుగున రెండు వేళ్ల ఎత్తున పేరుకుంది. మూత తీసి ఇంత వేలికి తీసుకుని నలిపాను.

అయ్యా, మా చుట్టుపక్కల నలభై మైళ్లలో పసుపు మట్టి లేదు. ఇక్కడంతా బూడిదరంగు గులకనేల. కట్ట కట్టేటప్పుడు దాని నడుమ నీరు జొరబడకుండా నిలబెట్టే బంకమట్టి గోడ కోసం సారీ-కీర్ గుట్ట నుంచి లారీల మీద పసుపు మట్టి తోలారు. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. రెండు వేసవులు పారతో ఆ మట్టి ఎత్తాను. అది గోళ్లలోకి పోతే వారం దాకా వదిలేది కాదు, పెళ్లిచూపులకు కూడా ఆ గోళ్లతోనే వెళ్లాను. దాని జిడ్డు నా వేళ్లకు ఎప్పటికీ తెలుస్తుంది. నా కూతురు కడుపు మీద రాసుకుంటున్నది కట్ట గుండెకాయ.

 సీసా పట్టుకుని గడప మీద కూర్చున్నాను. బూరుల్ నాకు పండగ అలసట అనుకుని సుమొలోక్ తెచ్చి పెట్టింది.

7. ఆ పూటే అల్లుడు కెన్‌జెబెక్‌ను పెరట్లోకి పిలిచి, బూరుల్‌ను పైన కొండ మీది నా గేజీ గదికి తీసుకుపోతానన్నాను. ఊరు మొత్తం, రెండు వందల పన్నెండు గడపలు, వారం పది రోజులు కొండ మీదికి ఎక్కాలన్నాను. అతను మర్యాదస్తుడు. అంతా విన్నాడు.

"మామయ్యా, ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకండి. పదకొండేళ్లుగా అది ఆవిరని రాసింది మీరే కదా?"

"నేనే."

"సంతకం మీదే?"

"నాదే బాబూ."

"మరి ఇప్పుడు మీ మాట నమ్మమంటారా, మీ సంతకం నమ్మమంటారా?"

ఊళ్లో తొమ్మిది ఇళ్లకు వెళ్లాను. ఒకాయన నాకు మతి తప్పిందన్నాడు. ఇంకొకామె, మజారుకు జనం వస్తుంటే నాకు కన్నుకుట్టిందంది. జూరా అయితే చెట్టు కింద పదిమందిలో నిలబెట్టి, "నీ కూతురికి కడుపు పండించిన నీళ్ల మీదే నింద వేస్తావా, నీకు సిగ్గుందా?" అని అడిగింది.  బూరుల్ అక్కడే నిలబడి తల దించుకుంది.

8. 21, 22 తేదీల్లో నేను తమకు పదిహేడు సార్లు ఫోను చేశాను. పద్దెనిమిదోసారి, ఈ రోజు పొద్దున, తమరు ఎత్తారు. పనుల ఒత్తిడిలో మరిచిపోయి ఉండవచ్చు గనుక తమ మాటలు తమకే దాఖలు చేస్తున్నాను:

"ఎవరు? గేజీ ముసలాయనా? అరే, ముప్పై ఒకటో తారీఖు దాటనివ్వవయ్యా! ఆ రోజు గోడ మీద ఎంత ఉంటే అంతే కదా నాలుగు జిల్లాలకి నేను పంచేది? ఇప్పుడు తొమ్మిది మీటర్లు దించితే కోటి నలభై లక్షల ఘనమీటర్లకి నేనెక్కడ జవాబు చెప్పను? ఒకటో తారీఖు పొద్దున్నే కావాలంటే చెరువంతా దించుకో. ఎనిమిది రోజులు. కట్ట నలభై ఏళ్లు ఆగింది, ఎనిమిది రోజులు ఆగదా?"

ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, తమ దగ్గరా లేదు. అందుకే అడుగుతున్నాను.

9. ఈ రోజు ఉదయం ఎనిమిదింటికి గేజీ ముప్పై ఒక్క మీటర్ల నలభై. మంచు కరగడం మొదలై రోజుకు పన్నెండు సెంటీమీటర్లు పెరుగుతోంది. ఊట సెకనుకు నూట ముప్పై లీటర్లు, రంగు టీ నీళ్ల రంగు.

కాబట్టి ప్రార్థన ఏమనగా: ఈ గదిలోనే ఉన్న అడుగు తూము చక్రానికి తమ కార్యాలయం వేసిన సీసపు సీలు తీయుటకు అనుమతి ఇప్పించి, రోజుకు ముప్పాతిక మీటరు చొప్పున పన్నెండు రోజులు నీరు దించనివ్వాలి. దించేవరకు ఎతెక్ గ్రామాన్ని ఖాళీ చేయించాలి. నా మాట వినరు గనుక తమ ముద్ర ఉన్న కాగితం పంపాలి. ఈ సీలును తమ ఉత్తర్వు లేకుండా తాకిన వారికి ఏడేళ్లు శిక్ష అని చక్రం పక్కనే బోర్డు ఉంది. దాన్ని నేనే తుడుస్తూ ఉంటాను.

నా మీద తీసుకోవలసిన చర్య తరువాత తీసుకోండి. ఆ గడియారం కూడా వాపసు ఇచ్చేస్తాను. ఇంతకు ముందు మూడు అర్జీల్లోనూ "చిత్తగించవలెను" అని రాశాను. తమరు చిత్తగించలేదు. ఈసారి చిత్తగించకపోయినా ఫరవాలేదు, ఒక్కసారి వచ్చి ఆ ఊటలో చెయ్యి పెట్టి చూసి, ఆ తర్వాత చిత్తగించవలెను.

పదకొండేళ్లు తమకు కావలసినదానికంటే ఎక్కువగా విధేయుడైన
తమ విధేయుడు,
ఒరోజాలీ బెక్తెమిరొవ్,
గేజీ పరిశీలకుడు.

తా.క. 24వ తేదీ, ఉదయం. పదింటి బస్సుకు ఈ అర్జీ ఇద్దామని కవరు అంటిస్తూ, ఎనిమిది గంటల మట్టం చూడటానికి కట్ట మీదికి వెళ్లాను. గేజీకి ఇరవై గజాల అవతల నీటి మీద సుడి తిరుగుతోంది. పళ్లెం అంత ఉంది. ఒక మంచుముక్క దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగి లోపలికి పోయింది, మళ్లీ తేలలేదు. తమకు ఫోను చేశాను. మీటింగులో ఉన్నారన్నారు. బూరుల్‌కు చేశాను. "ఇవాళ మట్టి బాగా వస్తోంది నాన్నా, జనం బిందెలు తెచ్చుకుంటున్నారు" అంది. పైకి రమ్మని బతిమాలాను. నియమం ఉంది కదా అంది.

తా.క. రెండు. తొమ్మిదింపావు. సీలు తెంపాను. సుత్తెతో ఒక్క దెబ్బకే ఊడింది, ఏడేళ్ల శిక్షకు అది చాలా మెత్తటి సీసం. చక్రం మూడు వందల నలభై చుట్లు తిప్పాలి. తుప్పు పట్టింది. అరవై ఒకటి తిప్పి కాస్త ఊపిరి తీసుకుంటూ రాస్తున్నాను. చేతులు బొబ్బలెక్కాయి, అక్షరాలు వంకరపోతే మన్నించండి. తూము నీరు వాగులో పడింది. ఇళ్ల దాకా రాదు, ఎతెక్ దిగువ పొలాలు మాత్రం మునుగుతాయి. మొన్ననే ఉల్లి నాటారు.

తా.క. మూడు. నూట పద్దెనిమిది చుట్లు. సుడి పళ్లెం నుంచి బండిచక్రం అంత అయింది. కింద అరుపులు వినబడుతున్నాయి. పొలాలు మునిగిన కోపానికి ఊరు ఊరంతా పారలు, కర్రలు పట్టుకుని నా మీదికి కొండెక్కి వస్తోంది. అయ్యా, ప్రాణాలు కాపాడుకోండని ఇల్లిల్లూ తిరిగితే ఒక్కరూ ఎక్కలేదు. నన్ను కొట్టడానికి అందరూ ఎక్కుతున్నారు. ముసలివాళ్లను కూడా వెంట తెస్తున్నారు, నేను వాళ్ల మాటకైనా జంకుతానని. జూరా అందరికంటే ముందుంది. తిట్లు ఇక్కడికే వినిపిస్తున్నాయి. తిట్టనివ్వండి. గది తలుపుకు లోపల గడియ పెట్టాను. వాళ్లు దాన్ని బద్దలు కొట్టేలోగా ఇంకో వంద చుట్లు తిప్పగలను.

చివర్న కెన్‌జెబెక్ కనిపిస్తున్నాడు. ఒక చేత్తో బూరుల్‌ను పట్టుకున్నాడు. అది ఎనిమిది అడుగులకోసారి ఆగి నడుం పట్టుకుంటోంది, మళ్లీ ఎక్కుతోంది. నాన్న ఇంత పని చేశాడంటే తన కళ్లతో చూడాలనుకుని ఉంటుంది. ఇంకా సగం కొండ ఉంది.

ఈ నెల లెక్కలో ఈ నీటిని ఆవిరి అని రాయవద్దు. విడుదల గడిలో రాయండి. ఉత్తర్వు: లేదు. విడుదల చేసినవారు: ఒరోజాలీ బెక్తెమిరొవ్. ఎవరి వినియోగానికి అనే గడి ఖాళీగా పెడితే సాదిర్జాన్ ఊరుకోడు గనుక అది కూడా నేనే నింపుతున్నాను: బూరుల్ బిడ్డ, ఎతెక్ గ్రామం, పేరు ఇంకా పెట్టలేదు.